టెక్స్ట్ ఎడిటర్ మాన్యువల్‌ను వెతికితే దొరికేలా సర్దడం ఎలా

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఏ డీటీపీ షాపులోనైనా, కంప్యూటర్ సెంటర్లోనైనా కాసేపు కూర్చుని చూడండి. ఎడిటర్‌లో, అంటే అక్షరాలు టైపు చేసి దిద్దుకునే ప్రోగ్రాంలో, ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరూ మాన్యువల్ తెరవరు, పక్క సీటు వాళ్ళని అడుగుతారు. అది బద్ధకమని నేను అనుకోను. మాన్యువల్ తెరిచినా కావలసింది దొరకదని వాళ్ళకి బాగా తెలుసు, అంతే. సమాధానం అందులో ఎక్కడో ఉంటుంది, కానీ ఎడిటర్ తయారుచేసినవాళ్ళకి తోచిన చోట ఉంటుంది. వాడేవాళ్ళు వెతికే చోటు వేరు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎడిటర్ ఏదైనా తీసుకుని దాని మాన్యువల్‌ని తెలుగులోకి తెస్తున్నవాళ్ళకీ, తమ ఊరి పిల్లల కోసం సొంతంగా ఒకటి రాసుకుంటున్నవాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. కొత్త అధ్యాయాలు రాయడం గురించి ఇందులో పెద్దగా ఉండదు. ఉన్న సరుకునే సరైన చోటికి చేర్చడం గురించే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే చాలా మాన్యువళ్ళకి కావలసింది అదే.

పాఠకులెవరో ముందు తేల్చుకోండి

మా వైపు పరిస్థితి కొంచెం వేరు. 1936లో ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది, తెలుగువాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు. అందుకని ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కంప్యూటర్ మెనూల్లో ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడే కుర్రాళ్ళే తెలుగు పేజీ చదవాలంటే కూడబలుక్కుంటారు. దీన్ని లోపంగా చూడకండి, మీ మాన్యువల్ రూపాన్ని నిర్ణయించే విషయంగా చూడండి. పేరాలు చిన్నవిగా ఉండాలి. మెనూ పేర్లు స్క్రీన్ మీద ఎలా కనిపిస్తాయో అలాగే ఉంచాలి, వాటిని అందమైన తెలుగులోకి మార్చి పెడితే పాఠకుడు ఆ మాట స్క్రీన్ మీద ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చుంటాడు.

మీ పాఠకులు ఇంకో రకంవాళ్ళయితే, ఉదాహరణకి ప్రోగ్రామింగ్ నేర్చుకునే ఇంజనీరింగ్ పిల్లలే అయితే, కింద చెప్పే వరుస కొంత మారుతుంది. పద్ధతి మారదు.

ఉన్నదంతా ఒక పట్టికలోకి ఎక్కించండి

మాన్యువల్ ఫైలు తెరిచి అక్కడొక వాక్యం ఇక్కడొక వాక్యం సరిచేయడం మొదలుపెట్టకండి. ముందు ఒక స్ప్రెడ్‌షీట్ తీసుకోండి. ప్రతి శీర్షికకీ, ఉపశీర్షికకీ ఒక్కో వరుస. పక్కన నాలుగు గళ్ళు పెట్టుకోండి: ఈ భాగం ఏ ప్రశ్నకి జవాబు చెబుతోంది, ఇది ఏ రకం రాత, ఇదే విషయం ఇంకెక్కడ ఉంది, ఇది ఎక్కడికి వెళ్ళాలి. చివరి గడి ఇప్పుడే నింపొద్దు.

మొదటి గడి నింపుతున్నప్పుడే సగం జబ్బులు బయటపడతాయి. "ఎడిట్ మెనూ" అనే అధ్యాయం ఏ ప్రశ్నకి జవాబు? దేనికీ కాదు. అది మెనూలో పైనుంచి కిందికి ఉన్న వరుసని కాగితం మీద దించడం, అంతే. "ఎడిట్ మెనూలో ఏమేం ఉన్నాయి" అని జీవితంలో ఎవరూ అడగరు, మెనూ మీద క్లిక్ చేస్తే కనిపిస్తుంది కాబట్టి. ఇలాంటి అధ్యాయాలకి గుర్తు పెట్టుకోండి, ముందు విడిపోవలసినవి అవే.

ప్రశ్నలు పోగెయ్యండి

ఇక్కడ తొందరపడొద్దు, ఈ పని బాగా జరిగితే మిగతాదంతా సులువవుతుంది. ఎడిటర్ వాడేవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు ఏ మాటల్లో అడుగుతారో ఆ మాటల్లోనే రాసుకోండి. శుద్ధి చేయకండి. మా వైపు ఎక్కువగా వినిపించేవి ఇలా ఉంటాయి:

"పేజ్‌మేకర్ నుంచి మేటర్ కాపీ చేసి ఇందులో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలొస్తున్నాయి."
"ఫైలు తెరిస్తే అన్నీ డబ్బాలే."
"బ్యాక్‌స్పేస్ కొడితే గుడి ఒక్కటే పోయింది, అక్షరం పోలేదు."
"పేరు ఎదురుగా కనిపిస్తోంది, ఫైండ్‌లో కొడితే లేదంటోంది."
"పొరపాటున సేవ్ కొట్టేశాను, పాతది వెనక్కి వస్తుందా?"

ఇప్పుడు ఈ ప్రశ్నల్ని మీ పట్టికతో పోల్చి చూడండి. కొన్ని ప్రశ్నలకి అసలు వరుసే ఉండదు, అవి నిజంగా రాయవలసినవి. కొన్నింటికి జవాబు మూడు చోట్ల ముక్కలుముక్కలుగా ఉంటుంది. ఇంకొన్ని వరుసలకి ఏ ప్రశ్నా తగలదు. అలా మిగిలిపోయినవాటిని వెంటనే తీసేయకండి, వాటిలో చాలావరకు రిఫరెన్స్ భాగానికి చెందినవై ఉంటాయి.

నాలుగు రకాల రాతల్ని విడదీయండి

సాంకేతిక రచనలో డానియెలె ప్రోసిడా ప్రతిపాదించిన డయాటాక్సిస్ అనే పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం డాక్యుమెంటేషన్ నాలుగు రకాలు: చెయ్యి పట్టుకుని నేర్పే పాఠం, ఫలానా పని ఎలా చేయాలో చెప్పే సూచనలు, ప్రతిదీ కచ్చితంగా నమోదు చేసే రిఫరెన్స్, ఎందుకు ఇలా ఉందో చెప్పే వివరణ. పట్టికలో రెండో గడిలో ఈ నాలుగింటిలో ఒకటి రాయండి. ఒకే భాగానికి రెండు మూడు రాయాల్సి వస్తే ఆ భాగాన్ని విడగొట్టాలని అర్థం.

విమ్, ఈమాక్స్ లాంటి పెద్ద ఎడిటర్లు ఈ పని ఎలా చేశాయో చూడండి. విమ్ మాన్యువల్ రెండు భాగాలు. యూజర్ మాన్యువల్‌ని పుస్తకంలా మొదటినుంచి చివరిదాకా చదువుకోమనీ, ఏ కమాండ్ ఎలా పనిచేస్తుందో కచ్చితంగా తెలియాలంటే రిఫరెన్స్ మాన్యువల్ చూడమనీ మొదటి అధ్యాయంలోనే చెప్పేస్తారు. ఇంకా తొందరలో ఉన్నవాళ్ళకి విమ్‌ట్యూటర్ అనే పాఠం విడిగా ఉంది. ఈమాక్స్‌లో కంట్రోల్ హెచ్ కొట్టి టి నొక్కితే పాఠం, కంట్రోల్ హెచ్ కొట్టి ఆర్ నొక్కితే పూర్తి మాన్యువల్. ఈమాక్స్ మాన్యువల్ స్క్రీన్ అమరికతో, కీల వివరాలతో మొదలవుతుంది, అక్షరం టైపు చేసే సంగతి ఆ తర్వాతే వస్తుంది. అక్కడ అది చెల్లుతుంది, కొత్తవాళ్ళకి పాఠం వేరే ఉంది కాబట్టి. మీ ఎడిటర్‌కి విడి పాఠం లేకుండా అదే వరుసని అనుకరిస్తే మాత్రం కొత్తవాళ్ళు మొదటి పేజీల్లోనే ఆగిపోతారు.

చిన్న ఎడిటర్‌కి నాలుగు పుస్తకాలు అక్కర్లేదు. ఒకే మాన్యువల్‌లో మూడు భాగాలు చాలు: మొదలుపెట్టడం, పనులు, రిఫరెన్స్. వివరణలు ఆయా పనుల చివర ఒక చిన్న పేరాగా ఇమిడిపోతాయి.

మొదటి గంటలో కావలసింది మొదటి అధ్యాయంలో

కొత్తగా ఎడిటర్ తెరిచిన మనిషికి ఉండే భయాలు రెండు: ఏదైనా పాడుచేస్తానేమో, ఇందులోంచి బయటికి రాలేనేమో. కాబట్టి అన్‌డూ, సేవ్, బయటికి రావడం, ఈ మూడూ మొదటి అధ్యాయంలోనే ఉండాలి. విమ్ యూజర్ మాన్యువల్ రెండో అధ్యాయం ఈ విషయంలో చక్కటి నమూనా. మొదట ప్రోగ్రాం తెరవడం, తర్వాత అక్షరాలు కొట్టడం, కర్సర్ కదపడం, అక్షరాలు చెరపడం, వెంటనే అన్‌డూ రీడూ, ఇంకొన్ని కమాండ్లు, బయటికి రావడం, చివరగా సాయం వెతుక్కోవడం. చెరపడం నేర్పిన మరుక్షణం చెరిపినదాన్ని వెనక్కి తెచ్చుకోవడం నేర్పుతున్నారు. అందులో చదివేవాళ్ళ మనసు తెలిసిన వరుస కనిపిస్తుంది.

ఇన్‌స్టాలేషన్‌ని ఎక్కడ పెట్టాలన్నది తరచూ వచ్చే తగువు. విమ్‌లో అది యూజర్ మాన్యువల్ ఆఖర్న, 90వ అధ్యాయంగా ఉంటుంది. నా ఓటు కూడా దానికే. మాన్యువల్ చదివేవాళ్ళలో ఎక్కువమంది దగ్గర ప్రోగ్రాం అప్పటికే ఉంటుంది, సెంటర్లో ఎవరో వేసిపెట్టి ఉంటారు. మొదట్లో ఒక లైను లింకు ఇచ్చి వదిలేయండి.

ఒక విషయానికి ఒకే చిరునామా

పట్టికలో మూడో గడి, అంటే ఇదే విషయం ఇంకెక్కడ ఉందన్నది, ఇప్పుడు పనికొస్తుంది. వెతకడం, మార్చడం అన్న విషయాన్నే తీసుకుందాం, దాదాపు ప్రతి మాన్యువల్‌లో చెల్లాచెదురయ్యేది ఇదే. ఫైండ్ బాక్స్ గురించి ఎడిట్ మెనూ అధ్యాయంలో ఉంటుంది. షార్ట్‌కట్లు అనుబంధంలో ఉంటాయి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే ఒక నమూనాకి సరిపోయేవన్నీ వెతికిపెట్టే గుర్తులు, "అడ్వాన్స్‌డ్" అనే అధ్యాయంలో ఉంటాయి. చాలా ఫైళ్ళలో ఒకేసారి వెతకడం "ప్రాజెక్టులు" కింద, ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దబడి చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) తేడా పట్టించుకోవాలా వద్దా అన్నది "సెట్టింగులు" కింద ఉంటాయి. పెళ్ళికార్డులో వరుడి ఇంటిపేరు అన్ని చోట్లా మార్చాల్సిన మనిషి ఇన్ని చోట్లకి తిరగాలి.

దీన్ని ఒకే అధ్యాయంగా చేసి లోపల వరుస ఇలా పెట్టండి. మొదట ఒక మాట వెతకడం. తర్వాత ఒక చోట మార్చడం, అడిగి అడిగి మార్చడం, ఒకేసారి అన్నీ మార్చడం. అన్నీ మార్చడం చెప్పిన చోటే దాన్ని ఒక్క అన్‌డూతో వెనక్కి తీసుకోవచ్చో లేదో కూడా చెప్పండి, అది వేరే అధ్యాయానికి వదలొద్దు. ఆపైన చాలా ఫైళ్ళలో వెతకడం. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు చివర, అదీ రెండు మూడు పనికొచ్చే ఉదాహరణలతో: ఖాళీ లైన్లు తీసేయడం, లైను చివర మిగిలిన స్పేసులు తీసేయడం. పూర్తి గుర్తుల పట్టిక రిఫరెన్స్‌లోకి వెళ్ళాలి. చివర "వెతికితే దొరకకపోతే" అని ఒక చిన్న భాగం. ఈ చివరి భాగం మా వైపు ఎందుకంత ముఖ్యమో కింద చెబుతాను.

మిగతా చోట్ల ఉన్న ముక్కల్ని తీసేసి లింకులు పెట్టండి. అయితే ఒకటి, లింకు మీద క్లిక్ చేస్తే తప్ప అర్థంకాని వాక్యం రాయకూడదు. "సేవ్ చేసేముందు ఎన్‌కోడింగ్ యుటిఎఫ్-8 ఉందో లేదో చూడండి, ఎలా చూడాలో ఫలానా చోట ఉంది" అంటే చాలు (ఎన్‌కోడింగ్ అంటే అక్షరాల్ని ఫైల్లో అంకెలుగా దాచే పద్ధతి, యుటిఎఫ్-8 అందులో ఒకటి), తెలిసినవాళ్ళు ఆగకుండా ముందుకెళ్ళిపోతారు.

లిపి సంగతులు అనుబంధంలో పారేయకండి

చాలా ఎడిటర్ల మాన్యువళ్ళలో ఇతర భాషల సంగతి ఎక్కడో మధ్యలోనో చివరలోనో ఉంటుంది. ఇంగ్లీషు టైపు చేసేవాళ్ళకి అది సరిపోతుంది. మనకి అది రెండో అధ్యాయం కావాలి, ఎందుకంటే పైన రాసిన ప్రశ్నల్లో చాలావరకు దీని చుట్టూనే తిరుగుతాయి. ఈ అధ్యాయంలో ఏమేం ఏ వరుసలో ఉండాలో కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది కీబోర్డు. ఇన్‌స్క్రిప్ట్ అమరిక తెలుగు, ఒడియా లాంటి భారతీయ లిపులకి ఒకే పోలికలో ఉంటుంది, ఇంగ్లీషు కె ఉన్న కీ తెలుగులోనూ క ఇస్తుంది, ఒడియాలోనూ క ఇస్తుంది. రెండు భాషల్లో టైపు చేసేవాళ్ళకి ఇది పెద్ద వరం, మాన్యువల్‌లో దీన్ని ముందే చెప్పి, భాష మార్చే కీ ఏదో పక్కనే చెప్పాలి. ఈమాక్స్‌లో అయితే తెలుగుకీ ఒడియాకీ ఇన్‌స్క్రిప్ట్ లోపలే ఉంది, కంట్రోల్‌తో బ్యాక్‌స్లాష్ కొడితే ఆన్ ఆఫ్ అవుతుంది.

రెండోది పాత ఫాంట్ల మేటర్. డీటీపీలో తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్నాయి. ఆ పాత పద్ధతిలో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, వాటి మీద మన లిపి బొమ్మలు తొడిగి ఉంటాయి. ఆ ఫాంటు లేని చోట పేస్ట్ చేస్తే అసలు సంకేతాలు బయటపడతాయి. ఎడిటర్ ఏమీ పాడుచేయలేదు, ఫైలు కూడా పాడవలేదు, యూనికోడ్‌లోకి, అంటే ప్రతి లిపి అక్షరాలకీ విడి సంకేతాలున్న పద్ధతిలోకి, మార్చే కన్వర్టర్ కావాలి. ఈ నాలుగు వాక్యాలు మాన్యువల్‌లో కనిపించే చోట ఉంటే ఎంతమందికి టెన్షన్ తగ్గుతుందో! డబ్బాలు కనిపించడం వేరే సమస్య, ఎక్కువగా అది ఆ లిపి ఉన్న ఫాంటు కంప్యూటర్లో లేకపోవడం వల్ల వస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టి, "స్క్రీన్ మీద ఇలా కనిపిస్తే ఇది, అలా కనిపిస్తే అది" అని బొమ్మలతో చూపించండి.

మూడోది కర్సర్, బ్యాక్‌స్పేస్. "స్త్రీ" అన్నది కంటికి ఒక్క అక్షరం. లోపల అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం 6 సంకేతాలు. తెలుగు సంకేతం ఒక్కొక్కటి యుటిఎఫ్-8లో 3 బైట్లు, అంటే 18 బైట్లు. చాలా ఎడిటర్లలో బ్యాక్‌స్పేస్ ఒక్కో సంకేతాన్నే చెరుపుతుంది, కాబట్టి మొదటి దెబ్బకి గుడి మాత్రమే పోయి "స్త్ర" మిగులుతుంది. డిలీట్ కీ మాత్రం కొన్నింటిలో మొత్తం అక్షరాన్ని ఒకేసారి తీసేస్తుంది. కింద స్టేటస్ బార్‌లో కాలమ్ నంబరు ఒక్క అక్షరానికే అన్ని అంకెలు ఎందుకు దూకుతుందో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. మీ ఎడిటర్ ఏ కీకి ఎలా ప్రవర్తిస్తుందో స్వయంగా కొట్టి చూసి రాయండి, ఊహించి రాయొద్దు.

నాలుగోది వెతికితే దొరకకపోవడం. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో ట్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, అది లేకపోతే వ కిందికి ఒత్తుగా దిగిపోతుంది. ఫైల్లో ఆ గుర్తు ఉండి, ఫైండ్ బాక్సులో మీరు అది లేకుండా కొడితే చాలా ఎడిటర్లు లేదనే చెబుతాయి. ఒడియాలో ఇంకో తిప్పలు. ఒడిశా అన్న పేరులోనే ఉండే చుక్క పెట్టిన డ అక్షరాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే సంకేతంగా, లేదా డ పక్కన చుక్కని విడి సంకేతంగా పెట్టి. కంటికి రెండూ ఒకటే. ఒక కీబోర్డుతో కొట్టిన రాష్ట్రం పేరు ఇంకో కీబోర్డుతో వెతికితే దొరకకపోవచ్చు. పరిష్కారం తేలికే, ఫైల్లో కనిపిస్తున్న మాటనే కాపీ చేసి ఫైండ్‌లో పేస్ట్ చేయమని చెప్పడం. ఇది రాయవలసిన చోటు మాత్రం వెతకడం అధ్యాయం చివర ఉన్న ఆ చిన్న భాగమే, ఎందుకంటే ఇబ్బంది పడ్డ మనిషి అప్పుడు ఉన్నది ఆ పేజీలో. కారణం లిపి అధ్యాయంలో, పరిష్కారం వెతకడం అధ్యాయంలో, మధ్యలో ఒక లింకు.

శీర్షికలు, లోతు

పనులు అన్న భాగంలో శీర్షిక చదవగానే పని తెలియాలి: "రెండు ఫైళ్ళు పక్కపక్కన చూడడం", "లైన్లని అక్షరక్రమంలో పేర్చడం". రిఫరెన్స్‌లో మాత్రం మెనూ పేర్లు, కమాండ్ పేర్లే శీర్షికలు కావాలి, అక్కడికి వచ్చేది ఆ పేరు తెలిసినవాళ్ళే. అధ్యాయం, భాగం, ఉపభాగం, అంతకంటే లోతుకి వెళ్ళకండి. "ఇతర విషయాలు" అనే శీర్షిక కనిపిస్తే దాన్ని విప్పి అందులోని ఒక్కోదాన్నీ సొంత చోటికి పంపేదాకా వదలొద్దు.

సూచిక మీద బాగా శ్రమ పెట్టండి, అది మిగతా లోపాల్ని కాస్తుంది

సూచిక అంటే పుస్తకం చివర, ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక. ఎంత బాగా సర్దినా ఒక విషయం ఒక చోటే ఉంటుంది, వెతికేవాళ్ళు పది దారుల్లో వస్తారు. ఈమాక్స్ మాన్యువల్ చివర ఐదు సూచికలు ఉంటాయి: కీలకి ఒకటి, కమాండ్‌లైన్ ఆప్షన్లకి ఒకటి, కమాండ్లకి ఒకటి, వేరియబుల్స్‌కి ఒకటి, విషయాలకి ఒకటి. చిన్న ఎడిటర్‌కి కీల సూచిక, విషయాల సూచిక చాలు. విషయాల సూచికలోకి ముందు పోగేసిన ప్రశ్నల్లోని మాటలన్నీ రావాలి. ఎడిటర్‌లో ఆ పేరు లేకపోయినా సరే "డబ్బాలు", "పిచ్చి అక్షరాలు", "పాతది వెనక్కి" అని సూచికలో ఎక్కించండి. ఈమాక్స్‌లో పేస్ట్‌ని యాంక్ అంటారు, అలాంటి సొంత పేర్లున్న ఎడిటర్ అయితే రెండు పేర్లూ సూచికలో ఉండి తీరాలి. పీడీఎఫ్‌లో సెర్చ్ ఉందిగా అనొద్దు, ఏ మాట కొట్టాలో తెలియనివాళ్ళకే సూచిక.

కాగితం మీద పరీక్ష

మాన్యువల్ కదపకముందే కొత్త విషయసూచిక (పుస్తకం మొదట్లో ఉండే అధ్యాయాల జాబితా) ఒక్కటే ప్రింటు తీయండి. ఎడిటర్ వాడే మనిషికి ఇచ్చి, ఒక పని చెప్పి, ఎక్కడ చూస్తావని అడగండి. మీరు మాట్లాడొద్దు, సైగ కూడా చేయొద్దు. బరంపురంలో డిగ్రీ చదివే ఒకమ్మాయికి ఇలాగే ఇచ్చి, రెండు ఫైళ్ళు పోల్చి చూడాలంటే ఎక్కడుంటుందమ్మా అని అడిగితే, వేలు "ఫైళ్ళు" దగ్గర ఆగింది, "వ్యూ" దగ్గరికి జారింది, మళ్ళీ పైకెళ్ళింది. "వ్యూలో ఉంటుందేమో అన్నయ్యా, కానీ అన్నీ చూసేవేగా" అంది. ఆ విషయం అప్పుడు "విండో లేఅవుట్" కింద ఉంది, ఆమె అటు చూడనే లేదు. అలా ఇద్దరు ముగ్గురు ఒకే చోట తప్పితే ఆ విషయాన్ని వాళ్ళు వెతికిన చోటికే మార్చండి. వాళ్ళకి నేర్పబోకండి.

ఒడియా మీడియంలో చదివిన తెలుగు పిల్లలు, డీటీపీ వాళ్ళు, ఆఫీసు పని చేసేవాళ్ళు, రకానికొకరైనా ఉండేలా చూసుకోండి. ఈ పరీక్ష అయ్యాకే పట్టికలో చివరి గడి నింపండి.

పాత లింకులు తెగకుండా

ఎక్కడో ఒక నోట్సులో, ఒక పాఠంలో మీ మాన్యువల్ పేజీకి లింకు ఇచ్చి ఉంటారు. విమ్ సాయం ఫైళ్ళలో ఒకే చోటికి ఎన్ని ట్యాగులైనా (లింకులు వెతుక్కునే పేర్లు) పెట్టొచ్చు, కాబట్టి పాత ట్యాగుని కూడా కొత్త చోటికే తెచ్చి హెల్ప్‌ట్యాగ్స్ కమాండ్ మళ్ళీ నడపండి. టెక్సిన్‌ఫోలో (ఈమాక్స్ మాన్యువల్ రాసే పద్ధతి ఇదే) అయితే పేరు మారిన నోడ్ల, అంటే భాగాల, పాత పేరు, కొత్త పేరు ఒక ఫైల్లో రాసి ఇస్తే హెచ్‌టీఎంఎల్ తయారయ్యేటప్పుడు పాత చిరునామాలు కూడా పనిచేస్తాయి. మామూలు వెబ్ పేజీలైతే రీడైరెక్ట్ పెట్టండి.

మార్పులు పంపే పద్ధతి

కదపడం వేరు, తిరగరాయడం వేరు. ఒక కమిట్‌లో (ఒకసారి నమోదు చేసే మార్పుల కట్టలో) భాగాల్ని ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చండి, అక్షరం కూడా దిద్దొద్దు. తర్వాతి కమిట్‌లో వాక్యాలు సరిచేయండి. రెండూ కలిపి పంపితే చూసేవాళ్ళకి అంతా ఎర్రగా, ఆకుపచ్చగా కనిపించి, ఏది మారిందో తెలియక పక్కన పెట్టేస్తారు. మార్పుల చరిత్ర దాచే గిట్ ప్రోగ్రాంలో, తేడాలు చూపే డిఫ్ కమాండ్‌కి కలర్ మూవ్డ్ అనే ఆప్షన్ ఉంది, చోటు మారిన లైన్లని వేరే రంగులో చూపిస్తుంది, దాన్ని వాడమని మీ సందేశంలోనే రాయండి. ఒకేసారి మొత్తం పంపకుండా అధ్యాయం చొప్పున పంపండి, వెతకడం అధ్యాయంతో మొదలుపెట్టండి, అందులో లాభం వెంటనే కనిపిస్తుంది. ప్రతి విడతతో పాటు ఆ అధ్యాయం పాత విషయసూచిక, కొత్తది పక్కపక్కన పెట్టి, కాగితం పరీక్షలో ఎవరు ఎక్కడ వెతికారో రెండు లైన్లు జత చేయండి. ప్రాజెక్టు నడిపేవాళ్ళకి తెలుగు రాకపోయినా ఆ రెండు లైన్లు ఇంగ్లీషులో రాస్తే, మార్పు ఎందుకు కావాలో మళ్ళీ వాదించాల్సిన పని ఉండదు.